బాలనర్సింహ ముక్కు

నాచారంలో ఫ్యాక్టరీల గోడ వెంబడి మల్లాపూర్ వైపు పోతుంటే, ఎడమచేతి సందులో ఒక రేకుల షెడ్డు కనిపిస్తుంది. దానికి బోర్డు లేదు. ఒకప్పుడు ఉండేది గానీ గాలిదుమారానికి లేచిపోయి వెనకింటివాళ్ల బర్రెల కొట్టం మీద పడింది. వానకి అడ్డంగా బాగుందని వాళ్లు దాన్ని అక్కడే ఉంచేసుకున్నారు. ఇమ్మని అడగడానికి బాలనర్సింహకి మొహమాటం. అయినా బోర్డుతో పనేముంది? సందు మొదట్లో ఎవరినడిగినా "ముక్కు బాలన్న షెడ్డా?" అని చెయ్యి చూపిస్తారు. తీరా వచ్చి చూస్తే అది మామూలు ముక్కే. పెద్దదేదో చూడబోతున్నామనుకుని వచ్చినవాళ్లు కొంచెం నిరాశపడేవారు కూడా.

ఆ పేరు వెనక ఒక పరువుతక్కువ కథ ఉంది. బాలనర్సింహ తండ్రి హన్మయ్య ఇదే నాచారంలో వంకాయలు, టమాటాలు పండించినవాడు. నేల ఫ్యాక్టరీల కిందికి పోయాక కొడుకుని ఉప్పల్లో ఒక ఉస్తాద్ దగ్గర కార్ల పనికి పెట్టాడు. ఆ ఉస్తాద్‌కి క్లచ్ లేని కారు కారే కాదు. ఆటోమేటిక్ కారు వస్తే దణ్ణం పెట్టి పంపించేసేవాడు. ఆయన ఊళ్లో లేని ఒకరోజు పొద్దున్నే హబ్సిగూడ నుంచి ఒక డాక్టరుగారు అలాంటి కారే తెచ్చి, గేర్‌బాక్సులో ఆయిలు చూడ్డం వచ్చా అని అడిగారు. రాదని చెప్పడానికి ఇరవైనాలుగేళ్ల వయసు ఒప్పుకోలేదు. ఇంకా వేడెక్కని బండిలో ఆయిలు కొలిచే గేజు తీసి చూస్తే ఆయిలు తక్కువ కనిపించింది. లీటరు పోశాడు. కారు ఇల్లు చేరేసరికి ఆ ఆయిలు కాగి, పొంగి, నురుగు కట్టి, డాక్టరుగారి వాకిట్లో అప్పుడే వేసిన ముగ్గు మీద ఎర్రగా చిమ్మింది. అది రక్తమనుకుని వాళ్ల అత్తగారు కళ్లు తిరిగి పడిపోయింది. డాక్టరుగారు ఆవిడని లేపి, నాడి చూసి, తిన్నగా షెడ్డుకొచ్చి బాలనర్సింహ నాడి చూశారు.

ఆ దెబ్బతో పట్టుబట్టి నేర్చుకున్న విద్యతోనే ముక్కు పేరొచ్చింది. ఈ కథ అతనే అందరికీ చెప్పుకునేవాడు. చెప్పి, అప్పుడు మొదలుపెట్టేవాడు, గేజు ఎలా చూడాలో. ముందు కారుని రెండుమూడు మైళ్లు తిప్పుకు రావాలి. చదునైన చోట నిలపాలి. ఇంజను ఆపకూడదు, ఆపితే గేజు ఎక్కువ చెబుతుంది, చల్లగా ఉంటే తక్కువ చెబుతుంది, అది అలాంటి అబద్ధాలకోరు. బ్రేకు మీద కాలుంచి గేరు కడ్డీని పై నుంచి కింది దాకా ఒక్కొక్క మెట్టూ ఆగుతూ తీసుకెళ్లి, మళ్లీ పైకి తెచ్చి పార్కింగులో పెట్టాలి. అప్పుడు గేజు లాగి, తుడిచి, మళ్లీ పూర్తిగా దించి, మళ్లీ లాగి, వేడి బండికని గేజు మీద చెక్కిన వేడి గీతల మధ్య ఎక్కడ తడిసిందో చూడాలి. తుడిచేది భార్య రుక్కమ్మ పాత నూలు చీర ముక్కతోనే. అందరూ వాడే దారాల పోగులతో తుడిస్తే ఒక్క పోగు లోపలికి పోయినా చాలంటాడు. చివరికి గేజు కొసని కేలండరు కాగితం వెనక, తెల్లటి వైపు అద్దేవాడు. ఎర్రగా ఉంటే మంచిది. మట్టిరంగు కలిస్తే అనుమానం. ఆ అనుమానం తీర్చేది ముక్కు.

కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. ఆయిలు మాడుంటే, లోపల పలకలు అరుగుతుంటే, ఆ వాసన అతనికి గోరంత ఉన్నా తెలిసిపోయేది. "ఇది ఘట్‌కేసర్ దాటదు, అటువంక పోకున్రి" అన్నాడంటే అది ఘట్‌కేసర్ దాటేది కాదు. ముప్పయ్యేళ్లు ఆ మాట మీద బతికాడు. పీర్జాదిగూడలో ఇప్పుడు కంప్యూటరు పెట్టి పెద్ద షెడ్డు నడుపుతున్న శివశంకర్ కూడా ఇతని దగ్గర పని నేర్చుకున్నవాడే. తన మిషను తేల్చలేనప్పుడు ఆయిలు చుక్క సీసాలో పోసుకుని ఉస్తాద్ ముక్కు కోసం వచ్చేవాడు.

కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలంలో ఆ ముక్కు పోయింది. సందులో చాలామందికి పోయింది, చాలామందికి తిరిగొచ్చింది. బాలనర్సింహకి రాలేదు. నెలకొస్తుందన్నారు, ఆరు నెలలకొస్తుందన్నారు. పొద్దున్నే షెడ్డు తెరిచి, ఎవరూ లేకుండా చూసి, పెట్రోలు డబ్బా మూత తీసి ముక్కు పెట్టేవాడు. నీళ్ల డబ్బాలో పెట్టినట్టే ఉండేది.

ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో కూడా. దొరికిపోతానేమోనని, రుక్కమ్మ అడక్కముందే వంటని మెచ్చుకోవడం మొదలుపెట్టాడు. ఒకరోజు అతను టీవీ ముందు కూర్చుని, వంటింటి వైపు తల తిప్పకుండానే, "మస్తు వాసనొస్తుందే, ఏం జేస్తున్నవ్" అన్నాడు. రుక్కమ్మ అప్పుడు ఇంట్లో లేదు. పక్కింటికి పోతూ పొయ్యి మీద పెట్టిన పాలు పొంగి, ఇగిరి, గిన్నె నల్లబడి, ఇల్లంతా పొగ. ఆమె తిరిగొచ్చి గిన్నె దించి, కిటికీలు తెరిచి, అతని వంక ఒకసారి చూసి ఊరుకుంది. ఏమీ అనకపోవడం చూసి, తప్పించుకున్నాననుకున్నాడు బాలనర్సింహ. మొగవాళ్లకి ఇలాంటి నమ్మకాలు చాలా ఉంటాయి.

షెడ్డులో మాత్రం ఒక ఉపాయం దొరికింది. ఆయిలద్దిన కాగితాన్ని కారాయనకే ఇచ్చి, "మీ బండి, మీరే జూడున్రి. ఏమనిపిస్తుంది?" అని అడిగేవాడు, పంతులు పిల్లల్ని అడిగినట్టు. వాళ్లు మురిసిపోయేవాళ్లు. ముక్కు బాలన్న తమకి విద్య నేర్పుతున్నాడని! కాగితం పీల్చి, ఏదో మాడినట్టుందని ఒకరు, ఏమీ లేదని ఒకరు చెప్పేవారు. అతను తల ఊపి, దాన్నిబట్టి తీర్పు చెప్పేవాడు. అలా మూడేళ్లు గడిచాయి. ఊరి ముక్కులతో తన పేరు నిలబెట్టుకున్నాడన్నమాట.

అప్పుడొచ్చారు రామ్మోహనరావుగారు.

ఆయనది బాపట్ల వైపు. బీమా ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరై, ఉప్పల్లో సొంత ఫ్లాట్‌లో ఉంటున్నారు. పక్షవాతం వచ్చి తగ్గాక ఎడమకాలు సరిగా మాట వినదు. అందుకే పదిహేడేళ్ల పాత ఆటోమేటిక్ కారొకటి కొనుక్కున్నారు. దానికి కుడికాలు ఒక్కటే చాలు. ఆ కారుకున్న ముఖ్యమైన పని గురువారం పని. భార్య కామాక్షిగారి అక్క తారామణిగారు అన్నోజిగూడలో, కోడలి దగ్గర మంచాన ఉంది. మనుషుల్ని మరిచిపోయి రెండేళ్లయింది. ప్రతి గురువారం కామాక్షిగారు వెళ్లి, అక్కకి తల దువ్వి, అన్నం తినిపించి రావాలి. వానొచ్చినా, ఉప్పల్ రింగురోడ్డు దగ్గర రెండు గంటలు నిలిచిపోయినా, గురువారం మాత్రం తప్పేది కాదు.

ఒక సోమవారం ఆయన షెడ్డుకొచ్చి, గేరు 'డి'లో వేస్తే కారు కదలడానికి ఒక క్షణం ఆలోచిస్తోందయ్యా, అచ్చం మా సూపర్నెంటుగారు సెలవు చీటీ మీద సంతకం పెట్టేముందు ఆలోచించినట్టు, అన్నారు. బాలనర్సింహ నవ్వి, తనే కూర్చుని నాచారం అంతా ఒక చుట్టు తిప్పుకొచ్చి, అన్నీ పద్ధతిగా చేశాడు. ఆయిలు వేడి గీతల మధ్య సరిగ్గా ఉంది. కాగితం మీద అద్దితే ఎరుపే, కానీ అంచున మట్టిరంగు. ఎవరో ఎప్పుడో పాతదాంట్లో కొత్తది కలిపి పోసుంటారు. ఇలాంటప్పుడు కన్ను ఏమీ తేల్చదు. ముక్కే తేల్చాలి.

కాగితం ఆయన చేతికిచ్చి, జూడున్రి సార్ అన్నాడు. రామ్మోహనరావుగారు అద్దాలు సర్దుకుని, పంచాంగం చూసినట్టు కాగితాన్ని తిప్పి చూసి, గట్టిగా రెండుసార్లు పీల్చి, ఏమీ లేదే, శుభ్రంగా ఉంది అన్నారు. ఆ మాటతో బాలనర్సింహ బానెట్ దించాడు. ఫికర్ లేదు, గురువారం దాకా నడిపి చూసి, ఇంకా ఆలోచిస్తుంటే తీసుకురండి అని చెప్పి పంపాడు.

బుధవారం మధ్యాహ్నం అన్నోజిగూడ నుంచి ఫోను. తారామణిగారికి ఆయాసం ఎక్కువైంది, వెంటనే రమ్మని. ఇద్దరూ బయల్దేరారు. పీర్జాదిగూడ దాటుతుండగా కారు ఇంజను అరిచింది గానీ చక్రాలు తిరగలేదు. ఆయన ఎక్సలేటరు తొక్కేకొద్దీ అరుపు పెరిగిందే తప్ప కారు వెనకవాళ్ల హారన్ల మధ్య అంగుళం కదల్లేదు. మాట వినని కాలితో ఆయన దిగి, ఆటోలని చెయ్యెత్తి ఆపబోతే ఏదీ ఆగలేదు. చివరికి ఒకటి దొరికి వాళ్లు అన్నోజిగూడ చేరేసరికి తారామణిగారు పోయి ఇరవై నిమిషాలైంది.

ఆటోలోంచే ఆయన బాలనర్సింహకి ఫోను చేసి, కారు రోడ్డు మధ్యలో ఉంది, ఏదో ఒకటి చెయ్యమన్నారు. బాలనర్సింహ స్కూటరేసుకుని వెళ్లి, దగ్గర్లోనే కదా అని శివశంకర్ షెడ్డుకి తోయించాడు. శివశంకర్ బానెట్ ఎత్తి, గేజు లాగి, ముక్కు దాకా తేకముందే మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"ఉస్తాద్, గిది ఇయ్యాల మాడింది కాదు. పదిహేను దినాల సంది మాడుతున్నది. సోమవారం నువ్వే జూసిన్నంటివి గదా?"

గేజు అతని వైపు చాచాడు. బాలనర్సింహ అందుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అలవాటుగా కళ్లు మూసుకున్నాడు. ఏమీ లేదు. శివశంకర్ ఎదురుచూస్తున్నాడు, పాత శిష్యుడు, నోరు తెరిస్తే ఉస్తాద్ ఏం చెబుతాడా అని. అప్పుడు బాలనర్సింహ నోట్లోంచి ఒక మాట వచ్చింది. అది వచ్చాక, మింగేయగలిగితే బాగుండుననుకున్నాడు.

"నేను జూల్లే. సారే జూసిండు. మంచిగున్నదన్నడు."

శివశంకర్ చెడ్డవాడు కాదు. తనకి తెలిసింది తెలిసినట్టు, మర్నాడు రామ్మోహనరావుగారు ఫోను చేసినప్పుడు చెప్పేశాడు: గేర్‌బాక్సు పోయింది, ఈ పాత బండికి సామాను దొరకదు, తుక్కుకి ఇచ్చేయడమే, మాడు వాసన అంత కొడుతుంటే మీరు బాగుందన్నారట, అదెలా సార్ అని. ఆ ఫోను మాటలు పక్కనే ఉన్న కామాక్షిగారు విన్నది.

పన్నెండో రోజు కాగానే రామ్మోహనరావుగారు ఆటో దిగి, కుంటుకుంటూ బాలనర్సింహ షెడ్డుకొచ్చారు. కారు కాగితాలు ఎవరికివ్వాలో కనుక్కోడానికని వచ్చారు గానీ, ఆ సంగతి ఎత్తలేదు. టైర్ల మీద కూర్చుని, జేబులోంచి చిన్న డబ్బీ తీసి చేతిలో తిప్పసాగారు. ముక్కుపొడుం డబ్బీ.

"నలభై ఏళ్లుగా పీలుస్తున్నానయ్యా దీన్ని," అన్నారు. "నాకు వాసనలు తెలిసి ఎన్నేళ్లయిందో నాకే తెలీదు. నువ్వేమో నమ్మి నా చేతికిచ్చావు. నాకు తెలీదని చెప్పడానికి సిగ్గేసింది. నీ పేరు చెడగొట్టాను, క్షమించు."

ఇంట్లో ఏం జరుగుతోందో కూడా చెప్పారు, నవ్వుతూ చెప్పాలనుకున్నారు గానీ నవ్వు కుదరలేదు. కామాక్షి తనతో మాట్లాడటం లేదట. కాఫీ గ్లాసు బల్ల మీద చప్పుడయ్యేలా పెట్టి గోడకి చెబుతుందట, కాఫీ చల్లారిపోతోందని. మా అక్కని ఆఖరిచూపు చూడనివ్వలేదు ఈ పొడుం అని, ఒక్కసారి, ఒకే ఒక్కసారి అందట. తర్వాత ఏమీ అనలేదట.

బాలనర్సింహ ఏం చెప్పాలి? లోకంలో ఇద్దరు ముక్కుల్లేని మనుషులు ఒక కాగితాన్ని ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని, ఒకరిమీద ఒకరు భారం వేసుకుని, శుభ్రంగా ఉందని తేల్చారు. మరోరోజైతే ఇద్దరూ కలిసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాల్సిన సంగతి. "అయ్యో సార్, మీరు గట్లనకున్రి" అన్నాడు. ఆయన చెయ్యి పట్టుకుని సందు చివరిదాకా తీసుకెళ్లి ఆటో ఎక్కించాడు. ఎక్కించేటప్పుడు ఆయన మళ్లీ ఒకసారి క్షమించమన్నారు.

ఆ సాయంత్రం కంచం ముందు కూర్చుని కలుపుతున్నాడే గానీ ముద్ద ఎత్తడం లేదు. రుక్కమ్మ ఏమైందని అడగలేదు. చారు పోస్తూ, ఉప్పల్ సార్ వచ్చి పోయిండంట గదా అంది. తర్వాత ఇంకో గరిటె పోస్తూ, ఆ పెద్దమనిషికి ఎప్పుడు జెప్తవ్ అంది.

అతను తలెత్తాడు. ఏంది జెప్పేది అన్నాడు.

"నీ ముక్కు సంగతి. పాలు మాడిన దినం సంది నాకెరుకే. నువ్వే జెప్తవని జూస్తున్న. మూడేండ్లు జూసిన."

అతనికి కోపం రాలేదు. ఇంతకాలం ఈ ఇంట్లో ఎదుటి మనిషి చూస్తుండగా దాక్కున్నానని తెలిశాక, తను ఒకేసారి ముసలివాడైపోయినట్టు అనిపించింది. చెబితే షెడ్డు సంగతేంటని అడిగాడు, చాలా చిన్న గొంతుతో. ఆమె కొంచెం ఆలోచించి, షెడ్డు పోతదేమో అంది. పోదని అనలేదు. రుక్కమ్మకి ఉత్తుత్తి ధైర్యాలు చెప్పే అలవాటు లేదు.

పొద్దున్నే ఉప్పల్ వెళ్లాడు. తలుపు కామాక్షిగారే తీసింది. లోపల రామ్మోహనరావుగారు పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. బాలనర్సింహని చూడగానే ఆవిడకి గోడ అవసరం తప్పింది. ఆయన పొద్దుటి మాత్ర ఇంకా వేసుకోలేదు, వేసుకోమని నువ్వైనా చెప్పు నాయనా అంది. కూర్చోమంది. అతను కూర్చోలేదు. ఆటోలో పదిసార్లు మనసులో కూర్చుకున్న మాటలు గడప దాటేసరికి పోయాయి.

"అమ్మా, సార్ తప్పేం లేదు," అన్నాడు. "వాసన జూడాల్సింది నేను. కరోనా సంది నాకు వాసన లేదు. ఎవరికీ జెప్పలే. జెప్తే నా దగ్గరికి ఎవరొస్తరని… సార్ చేతికిచ్చింది గందుకే. శివశంకర్‌కి సార్ మీద జెప్పింది గూడ నేనే."

పేపరు కిందికి దిగింది. రామ్మోహనరావుగారు ఏదో అనబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయారు. కింద ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు, అది అవడం లేదు. అలవాటు కొద్దీ బాలనర్సింహ చెవి అటు పోయింది, వెంటనే సిగ్గుపడి తల దించుకున్నాడు.

"మా అక్క రెండేళ్లుగా నన్ను గుర్తుపట్టలేదు," అంది కామాక్షిగారు. "మొహం చూసి ఎవరమ్మా నువ్వు అనేది. తలకి కొబ్బరినూనె రాయడం మొదలుపెడితే మాత్రం, ఆ వాసనకి, కామూ అనేది. గురువారానికి ఒక్కసారి. దానికోసమే వెళ్లేదాన్ని. ఆ రోజు సీసా చేతి సంచిలోనే ఉంది."

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోడానికి చేతులు చూసుకుంటే గోళ్ల నిండా నల్లటి గ్రీజు. అలాగే నిలబడ్డాడు.

"సోమవారం నాడు తెలీదని ఒక్కమాట అంటే ఆటోలో వెళ్లేవాళ్లం కదయ్యా, అయినా అందేవాళ్లం కాదేమో, కానీ…" ఆవిడ మాట పూర్తి చెయ్యలేదు. "చెప్పావు, విన్నాను. ఇంక వెళ్లు."

క్షమించానని అనలేదు. అతను అడగనూ లేదు. మెట్లు దిగుతుంటే వెనక ఆవిడ గొంతు వినిపించింది, ఈసారి గోడతో కాదు. "మాత్ర వేసుకున్నారా? లేదా ఇంకా?" దానికి ఆయన ఏమన్నారో వినపడలేదు. మెట్టు మీదే ఆగి వినాలనిపించింది గానీ, అది తనది కాదని దిగిపోయాడు.

ఆ వారమే ఒకావిడ వచ్చింది, బిందుమాధవి అని, హబ్సిగూడలో ఏదో కాలేజీలో పాఠాలు చెబుతుందట. పాత ఆటోమేటిక్ కారు. మా బాబాయి మీ దగ్గరికే వెళ్లమన్నారండీ అంది. బాలనర్సింహ కారు తిప్పుకొచ్చి, చదునుగా నిలిపి, ఇంజను ఆపకుండా, కడ్డీని ఒక్కొక్క మెట్టూ దించి ఎత్తి, గేజు లాగి తుడిచి మళ్లీ దించి లాగాడు. గీతల మధ్య సరిగ్గా ఉంది. కాగితం మీద అద్దాడు. ఎరుపే, అంచున ఏదో నీడ ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. ఆవిడ చెయ్యి చాచబోయింది, బాబాయి ఆ సంగతి కూడా చెప్పి పంపినట్టున్నాడు. అతను కాగితం ఇవ్వలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

లెవెలు బరాబర్ ఉంది, మాడిందో లేదో నాకు తెల్వదు మేడం, నాకు వాసన పోయింది అన్నాడు. పీర్జాదిగూడలో శివశంకర్ అని ఉన్నాడు, మంచి పనోడు, అక్కడికి పోయి చూపించుకోమన్నాడు. ఇవ్వాళే పోవాలన్నాడు, ఎల్లుండి అనొద్దన్నాడు.

ఇంత దూరం వచ్చానే అని ఆవిడ కొంచెం విసుక్కుంది. తర్వాత అతని మొహం చూసి, మాట తగ్గించి, అటు వెళ్లే దారి నాకు తెలీదే అంది.

రాండ్రి అన్నాడు బాలనర్సింహ. బానెట్ దించి, చెయ్యి చీర ముక్కకి తుడుచుకుని, సందు మొదలు దాకా ఆ కారు ముందు నడిచాడు, ఎటు తిరగాలో చూపించడానికి.